జీతం లేని క్లర్కు: పెన్సిల్వేనియా స్టీమర్ బాయిలర్ పేలుడు, 1858

నేను బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌ని. బాయిలర్ అటెండెంట్లకి క్లాసు చెప్పేటప్పుడు మన దగ్గర జరిగిన ప్రమాదాలతో మొదలుపెట్టను. పెడితే క్లాసులో ఎవరో ఒకరికి ఆ మిల్లు తెలిసే ఉంటుంది, ఓనరూ తెలిసే ఉంటాడు, ఇక అరగంట ఆ ఓనరు పిసినారితనం గురించే నడుస్తుంది. అందుకని మనవాళ్ళెవరికీ చుట్టరికం లేని కేసు ఒకటి పెట్టుకున్నాను. చాలా ఏళ్ళుగా ఇదే చెబుతున్నా, చెప్పిన ప్రతిసారీ ఏదో ఒక చోట నా అభిప్రాయం కొంచెం మారుతూనే ఉంది. అందుకే ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

1858 జూన్ 13, ఆదివారం. పొద్దున ఆరు గంటల వేళ. న్యూ ఆర్లీన్స్ నుంచి సెయింట్ లూయిస్ వైపు మిసిసిపీ నదిలో ఎదురెక్కుతున్న ‘పెన్సిల్వేనియా’ అనే స్టీమర్, మెంఫిస్ ఊరికి సుమారు 60 మైళ్ళ దిగువన షిప్ ఐలండ్ అనే లంక దగ్గర పేలిపోయింది. పోయినవాళ్ళలో హెన్రీ క్లెమెన్స్ అనే కుర్రాడు ఒకడు. జూలై 13కి ఇరవై నిండాలి. నెల తక్కువైంది.

ఇంతమందిలో ఈ ఒక్కడి కేసే ఎందుకంటే, రికార్డు ఉన్నది ఇతనికే. అన్న పేరు శామ్యూల్ క్లెమెన్స్, తర్వాత మార్క్ ట్వేన్ అని లోకం పిలిచింది ఆయన్నే. ఆయన అప్పుడే ఇంటికి ఉత్తరం రాశాడు, పాతికేళ్ళ తర్వాత పుస్తకంలో రాశాడు, ముసలితనంలో ఆత్మకథలో మళ్ళీ చెప్పాడు. పక్క పరుపుల మీద పోయినవాళ్ళకి అలాంటి అన్న లేడు, వాళ్ళు లెక్కలో అంకెలుగా మిగిలారు. ఆ లెక్క కూడా ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు, కాబట్టి నేను క్లాసులో అంకె చెప్పను, వందకి పైనే అని వదిలేస్తాను.

పేలక ముందు

హెన్రీ ఉద్యోగాన్ని ‘మడ్ క్లర్క్’ అనేవారు. బురద గుమాస్తా అనుకోండి. రేవు రేవుకీ స్టీమర్ ఆగగానే ఒడ్డున బురదలోకి దిగి, ఎక్కే సరుకు దిగే సరుకు లెక్క చూసుకోవాలి. జీతం లేదు. పని నేర్చుకుంటే ముందు ముందు అసలు క్లర్కు అవుతాడని ఆశ. ఆ చోటు ఇప్పించింది అన్నే. అన్న అదే స్టీమర్‌లో విలియం బ్రౌన్ అనే పైలట్ దగ్గర నది నడక నేర్చుకుంటున్నాడు.

బ్రౌన్‌కి నోరు ఎక్కువ, చెయ్యి అంతకన్నా ఎక్కువ. ఆ ట్రిప్పులో న్యూ ఆర్లీన్స్‌కి దిగుతున్నప్పుడు, ఫలానా రేవులో ఆపమని కెప్టెన్ పంపిన కబురు హెన్రీ వచ్చి చెప్పాడు. బ్రౌన్ వినిపించుకోలేదు, రేవు దాటిపోయింది, తీరా అడిగితే ఈ కుర్రాడు అసలు చెప్పనేలేదన్నాడు. మాటా మాటా పెరిగి పెద్ద బొగ్గు పెళ్ళ తీసుకుని హెన్రీ మీదికి పోతుంటే అన్న అడ్డం వచ్చి స్టూలుతో కొట్టాడు. చక్రం దగ్గర ఎవరూ లేకుండా స్టీమర్ దాని మానాన అది పోతోంది. కెప్టెన్ క్లైన్‌ఫెల్టర్ లోలోపల సంతోషించాడు కానీ, బ్రౌన్ బదులు ఇంకో పైలట్ న్యూ ఆర్లీన్స్‌లో దొరకలేదు. దాంతో కొట్టినవాడు దిగాడు, కొట్టించుకున్నవాడు ఉన్నాడు. అన్న రెండు రోజుల వెనక ‘ఎ. టి. లేసీ’ అనే ఇంకో స్టీమర్ ఎక్కాడు. తమ్ముడు మాత్రం తన డ్యూటీ మీద తను వెళ్ళాడు.

షిఫ్ట్ మార్పు వల్ల బతికినవాళ్ళ కథలు మన ఫీల్డులో బోలెడు. బతికినవాడు దాన్ని అదృష్టం అనుకోలేడు, నేను చూసినంతలో ఒక్కడూ అనుకోలేదు.

స్టీమర్ బయల్దేరే ముందు రాత్రి అన్నదమ్ములిద్దరూ రేవులో సరుకుల కుప్ప మీద కూర్చుని అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారని ట్వేన్ రాశాడు. విషయం ఏమిటంటే స్టీమర్ ప్రమాదాలు. అలాంటిది జరిగితే మనం పారిపోకుండా స్టీమర్‌ని అంటిపెట్టుకుని చేతనైన సాయం చేద్దాం అని ఇద్దరూ అనుకున్నారట. పనికి ముందు జాగ్రత్తల గురించి మాట్లాడుకునే ఇలాంటి దాన్ని మన భాషలో టూల్‌బాక్స్ టాక్ అంటాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ కొద్ది నిమిషాలు

ట్వేన్ చెప్పినదాని ప్రకారం స్టీమర్ అప్పుడు సగం స్టీమ్ మీద మెల్లగా పాకుతోంది. వంటచెరకు నింపిన బల్లకట్టు ఒకటి కట్టుకుని, నడుస్తూనే ఆ కట్టెలు పైకి ఎక్కించుకుంటున్నారు. రేవులో ఆగితే టైమ్ వేస్ట్ కదా. పైలట్‌గా డ్యూటీలో ఉన్నది జార్జ్ ఈలర్, బ్రౌన్ కాదు. కింద సెకండ్ ఇంజనీరు, అతని కింద పని నేర్చుకునే కుర్రాడు. కెప్టెన్ గడ్డం గీయించుకోవడానికి మంగలి కుర్చీలో కూర్చున్నాడు. హెన్రీ నిద్రలో ఉన్నాడు. బల్లకట్టు ఖాళీ కాగానే ఈలర్ ఫుల్ స్టీమ్‌కి గంట కొట్టాడు, మరుక్షణం ఎనిమిది బాయిలర్లలో నాలుగు పేలాయి. ముందు వైపు మూడో వంతు స్టీమర్ పైకి లేచిపోయింది.

మంగలి కుర్చీ దాకా నేల ఉంది, అక్కడి నుంచి ముందుకి లేదు. మంగలి ఒక కాలి బొటనవేలు శూన్యంలో పెట్టుకుని నిలబడి, నోట మాట లేకుండా గిన్నెలో సబ్బు నురగ ఇంకా కలుపుతూనే ఉన్నాడట. ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసులో కుర్రాళ్ళు నవ్వుతారు, పాతికేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు నవ్వరు. షాక్‌లో మనిషి చేతిలో ఉన్న పనే చేసుకుపోతాడు. పక్కన లైన్ పగిలి స్టీమ్ బుసకొడుతుంటే లాగ్‌బుక్‌లో రీడింగ్ రాస్తున్న అటెండెంట్‌ని నేను కళ్ళారా చూశాను.

బాయిలర్ సంగతికి వద్దాం. అప్పటికి అమెరికాలో చట్టం లేదేమో అనుకుంటారు చాలామంది. ఉంది, ఒకటి కాదు రెండు. 1838 ఏప్రిల్‌లో సిన్సినాటి దగ్గర ‘మొసెల్’ అనే స్టీమర్ పేలిన ఏడాదే మొదటి చట్టం వచ్చింది, కానీ అది బలహీనమైనది. 1852 చట్టం గట్టిది: బాయిలర్‌కి నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూసే హైడ్రాలిక్ టెస్ట్, ఇంజనీర్లకీ పైలట్లకీ లైసెన్సు, వేడెక్కితే కరిగే లోహపు ప్లగ్గు. 42 అంగుళాల వ్యాసం, పావు అంగుళం మందం ఉన్న కొత్త బాయిలర్‌కి చదరపు అంగుళానికి 110 పౌన్లు లిమిట్. అంటే మన లెక్కలో చదరపు సెంటీమీటరుకి సుమారు 7.7 కేజీలు. మన రైస్ మిల్లుల్లో ఊక బాయిలర్లు చాలావరకు 10.5 కేజీలకి నడుస్తాయి, కాబట్టి ఆ ప్రెషర్ మనకి కొత్తేమీ కాదు. పెన్సిల్వేనియా 1854లో కట్టినది, అంటే చట్టం వచ్చాక పుట్టిన స్టీమర్, చట్టం కింద తిరిగిన స్టీమర్. ప్రమాదాలు జరిగాయి, చట్టం వచ్చింది, ప్రమాదాలు ఆగాయి అని చెప్పే పాఠాలు ఈ కేసు దగ్గర కుంటుతాయి.

ఆ 110 పౌన్ల దగ్గర ఉన్న నీరు ఎంత వేడిగా ఉంటుందో తెలుసా? 173 డిగ్రీలు. మరగడం లేదు, ఎందుకంటే ప్రెషర్ పట్టి ఉంచింది. ప్లేటు చీలిన క్షణంలో ఆ ప్రెషర్ పోతుంది, నీటికి 100 డిగ్రీల పైన ఉండే హక్కు పోతుంది, కిలో నీటిలో ఏడో వంతు అక్కడికక్కడే ఆవిరైపోతుంది. ఆ ఏడో వంతు ఆవిరి 230 లీటర్ల జాగా అడుగుతుంది. కిలో నీటికే ఇంత. పేలేది ఆవిరి కాదు బాబూ, నీళ్ళు. బోర్డు మీద ఈ లెక్క వేసి చూపించాక ‘స్టీమ్ కొంచెమే ఉంది కదా సార్’ అనే మాట ఆ బ్యాచ్‌లో మళ్ళీ వినపడదు.

కారణం అనే కాలమ్

ఇక్కడ నాకూ మా వాళ్ళకీ తగాదా. కేసు చెప్పగానే సగం మంది ‘లో వాటర్’ అంటారు, అంటే బాయిలర్లో నీటి మట్టం పడిపోయి ప్లేటు కాలిపోవడం. అనడానికి ఆధారాలు లేకపోలేదు. అప్పటి నది స్టీమర్ల బాయిలర్లు పొడుగ్గా సిలిండర్లలా ఉండి లోపల పెద్ద ఫ్లూలు, అంటే పొయ్యి వేడి గాలి పోయే గొట్టాలు, ఉండేవి, అన్నీ పక్కపక్కన పడుకోబెట్టి కింద ఒకే పైపుతో కలిపేవారు. స్టీమర్ ఒక పక్కకి ఒరిగితే నీరు ఆ పక్క బాయిలర్లలోకి జారి, ఎత్తున ఉన్న బాయిలర్లో ఫ్లూ పైభాగం నీటిలోంచి బయటపడుతుంది. కట్టెలు ఎక్కించేటప్పుడు సరుకూ మనుషులూ ఒక పక్కకి చేరతారు. పైగా సగం స్టీమ్‌లో పాకేటప్పుడు వాడకం తగ్గుతుంది, మంట తగ్గదు. నీటి మట్టం చూడటానికి ట్రై కాక్స్ ఉండేవి, ఒక్కోటి తిప్పి నీరొస్తుందా ఆవిరొస్తుందా అని చూసుకోవాలి. ఫీడ్‌కి వాడేది నది నీళ్ళే, మిసిసిపీ నీళ్ళు మన వరద గోదారి రంగులో ఉంటాయి. ఆ ఒండ్రంతా బాయిలర్ అడుగున చేరి, దాని కింద ప్లేటు ఎర్రగా కాలుతుంది. మట్టం నిండుగా ఉన్నా అడుగు ప్లేటు కాలిపోవచ్చు. అది లో వాటర్ కాదు.

ఇన్ని దారులు ఉన్నాయి. ఏ దారిన పేలిందో చెప్పాలంటే చీలిన ప్లేటు కావాలి, అంచు పల్చబడిందా, రంగు మారిందా, చీలిక రివెట్ల వరస వెంట పోయిందా అని చేత్తో తడిమి చూడాలి. పేలుడు తర్వాత మంట పుట్టి, స్టీమర్ నీటి అంచు దాకా కాలిపోయింది. కాబట్టి నా రిపోర్టులో కారణం కాలమ్ ఖాళీ. లో వాటర్ అని రాయడం తేలిక, ఎందుకంటే తప్పు అటెండెంట్ మీదికి పోతుంది, అటెండెంట్ చాలాసార్లు పోయి ఉంటాడు, పోయినవాడు కాదనడు. మా డిపార్ట్‌మెంట్ పాత ఫైళ్ళు తిరగేస్తే లో వాటర్ అని ఎన్నిసార్లు రాశారో, వాటిలో ఎన్నిటికి ప్లేటు ఫొటో ఉందో చూడండి, మీకే అర్థమవుతుంది.

గోదావరి జిల్లాల్లో ఒక మిల్లులో నేను చూసిందొకటి చెప్పి ముందుకి పోతాను. నీటి మట్టం చూపించే గేజ్ గ్లాస్‌లో నీళ్ళు సగానికి నిలబడి ఉన్నాయి, నిశ్చింతగా. పెద్దాయన అటెండెంట్, అందరూ బాబాయ్ అని పిలిచేవారు, కాసేపు దాన్నే చూసి ‘ఇది ఆడట్లేదండి’ అన్నాడు. నడుస్తున్న బాయిలర్ గ్లాస్‌లో నీరు సన్నగా ఊగుతూ ఉండాలి, ఇది బొమ్మలా ఉంది. బ్లో చేసి చూస్తే కింది కాక్ పెచ్చు కట్టి మూసుకుపోయింది, గ్లాస్‌లో ఉన్నది ఎప్పటి నీరో. హెల్పర్ కుర్రాడు పంపు స్విచ్ వైపు పరిగెత్తాడు. బాబాయ్ వాడి కాలర్ పట్టుకుని వెనక్కి లాగి, ‘ముందు నిప్పు లాగరా, నీళ్ళు తర్వాత’ అన్నాడు. కాలి ఉన్న ప్లేటు మీద చల్లనీళ్ళు పడితే ఏమవుతుందో ఆయనకి ఏ పుస్తకమూ చెప్పలేదు. పంపు ఆన్ అయ్యుంటే ఈ కేసు కూడా లో వాటరే అయ్యుండేది.

ఊపిరి

ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇది. ఈలర్ పైలట్ హౌస్‌తో పాటు గాల్లోకి లేచాడు. లేస్తూనే ఏం జరిగిందో అర్థమైంది. కోటు కాలర్ మడతలు ముఖం మీదికి లాక్కుని రెండు చేతులతో ముక్కూ నోరూ గట్టిగా అదిమి పట్టుకున్నాడు. నలభై అడుగులు కింద పేలని బాయిలర్ల మీద, మరిగే ఆవిరి మబ్బులో పడ్డాడు. బతికాడు. ఆ ఆవిరి పీల్చినవాళ్ళెవరూ బతకలేదని ట్వేన్ రాశాడు. ఆవిరి తగ్గాక ఈలర్ ముందు చేసిన పని, తన ఫ్లూటు ముక్కలు వెతుక్కోవడం.

పొడి వేడి గాలి గొంతు దాకా కాలుస్తుంది, అక్కడే చాలావరకు చల్లబడుతుంది. ఆవిరి అలా కాదు, లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో నీరుగా మారేటప్పుడు దాచుకున్న వేడంతా అక్కడ వదులుతుంది. పైన చర్మం బాగానే కనిపిస్తుంది, మనిషి మాట్లాడుతుంటాడు, కాఫీ కూడా అడుగుతాడు, సాయంత్రానికి గొంతు వాచి ఊపిరాడదు. అందుకే ఆవిరి దెబ్బ తగిలినవాణ్ణి బాగానే ఉన్నాడని ఇంటికి పంపొద్దని ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. తువ్వాలు మెడలో ఉండనీ అని కూడా చెబుతాను. సేఫ్టీ ఆఫీసర్లకి ఆ తువ్వాలు నచ్చదు, తిరిగే యంత్రాల దగ్గర అయితే వాళ్ళ మాటే కరెక్ట్. బాయిలర్ ముందు మాత్రం నేను ఈలర్ పక్షం.

హెన్రీ నిద్రలో ఉన్నాడు. కాలర్ లాక్కునే సెకను అతనికి దొరకలేదు.

పదిహేను గంటలు

ట్వేన్ జూన్ 18న, అంటే ప్రమాదం జరిగిన ఐదు రోజులకి, వదినకి రాసిన ఉత్తరం ఉంది. అందులో ఉన్నది ఇది: హెన్రీ నిద్రలో ఉండగా ఎగిరిపోయి, తిరిగి వేడి బాయిలర్ల మీద పడ్డాడు, శిథిలాలు మీద పడి ఉంటాయి, లోపల దెబ్బలు తగిలాయి. నీళ్ళలోకి చేరి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి మిగతావాళ్ళతో పాటు బల్లకట్టులోకి ఎక్కాడు. ఒంటి మీద తడి చొక్కా తప్ప ఏమీ లేదు. పైన ఎండకి మాడుతూ గాలికి వణుకుతూ, ‘కేట్ ఫ్రిస్బీ’ అనే స్టీమర్ వచ్చేదాకా అలాగే పడి ఉన్నాడు. గాయాలకి మొదటి కట్టు పడింది మెంఫిస్‌లో, పేలిన పదిహేను గంటలకి.

పుస్తకంలో కథ వేరు. అక్కడ నీళ్ళలో పడ్డ హెన్రీ, నాకేం దెబ్బ తగల్లేదు అనుకుని, గాయపడ్డవాళ్ళని కాపాడటానికి వెనక్కి స్టీమర్ వైపు ఈదుకుంటూ పోతాడు.

సాక్షి ఒకడే, వాంగ్మూలాలు రెండు. ఇన్‌స్పెక్టర్‌గా నేను మొదటిదే తీసుకుంటాను. అది ఐదు రోజుల నాటిది, వీరత్వం లేనిది, ‘పడి ఉంటాయి’ అని అనుమానాన్ని అనుమానంగా ఉంచినది. రెండోదాన్ని అబద్ధం అనను. అన్న ప్రమాదం జరిగినప్పుడు అక్కడ లేడు, రెండు రోజుల తర్వాత మెంఫిస్ చేరాడు, రెండూ విన్న మాటలే. కానీ రేవులో సరుకుల కుప్ప మీద ఆ రాత్రి మాట గుర్తుందా? పాతికేళ్ళు ఆ మాట ఆయన లోపల తిరిగింది. పారిపోకుండా సాయం చేద్దాం అన్నది తనే, ఉద్యోగం ఇప్పించింది తనే, స్టూలుతో కొట్టి దిగిపోయింది తనే. తమ్ముడు నా మాట విన్నాడు, అందుకే పోయాడు అని రాసుకోవడంలో పొగడ్త ఎంతుందో శిక్ష అంతే ఉంది. ప్రమాదం జరిగిన షిఫ్ట్‌లోనే స్టేట్‌మెంట్ తీసుకోవాలని మేం పట్టుబట్టేది ఇందుకే, ఆలస్యమైతే మనిషి తన మీద తనే కేసు రాసుకుంటాడు.

ఆ టూల్‌బాక్స్ టాక్ మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. బయటపడ్డవాడు వెనక్కి వెళ్ళకూడదు. ఇద్దరూ పిల్లలు, ఒకడికి ఇరవై రెండు, ఒకడికి పంతొమ్మిది, అర్ధరాత్రి రేవులో ధైర్యం మాట్లాడుకున్నారు. ముక్కు మూసుకో అని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మెంఫిస్

ఊళ్ళో పెద్ద హాల్లో నేల మీద పరుపులు వేశారు. రెండు పొడుగాటి వరసలు, నలభై మందికి పైగా, ప్రతి తలా దూది ముద్దలా ఉందట. కాలినచోట లిన్‌సీడ్ నూనె, పచ్చి దూది వేయడమే అప్పటి వైద్యం. ఊరి ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి సేవ చేశారు.

ఆత్మకథలో ట్వేన్ చెప్పిన ప్రకారం పేటన్ అనే పెద్ద డాక్టరు హెన్రీని ప్రత్యేకంగా చూసి, గండం గడిచిందన్నాడు. రాత్రి కదిలి బాధపడితే గ్రెయిన్‌లో ఎనిమిదో వంతు మార్ఫిన్ ఇమ్మన్నాడు. అంటే సుమారు 8 మిల్లీగ్రాములు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్లకి కొలిచే సాధనం లేదు, చాకు మొన మీద ఎత్తి ఇచ్చారు, చాలా ఎక్కువైంది. హెన్రీ జూన్ 21న పోయాడు. ఇది కూడా ముసలితనంలో చెప్పిన మాట కాబట్టి రిపోర్టులో ‘సాక్షి కథనం’ అనే రాస్తాను. కానీ చాకు మొన అన్న వివరం నన్ను వదలదు. మన మిల్లుల్లో ఫీడ్ వాటర్ కెమికల్ ఎలా వేస్తారో అడగండి, ‘రెండు మగ్గులు సార్’ అంటారు. ఏ మగ్గు అంటే చెప్పరు.

తమ్ముడి శవపేటికని ముందే కలలో చూశానని ట్వేన్ చెప్పిన కథ ఒకటుంది, క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. నా ఫారంలో కలకి కాలమ్ లేదు.

హెన్రీని సొంత ఊరు హానిబల్‌లో పాతిపెట్టారు. అన్న మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పైలట్ లైసెన్సు తీసుకుని అదే నది మీద స్టీమర్లు నడిపాడు. ఏడేళ్ళకి, 1865 ఏప్రిల్ 27న, అదే మెంఫిస్‌కి కొంచెం ఎగువన ‘సుల్తానా’ పేలింది. 376 మందికి అనుమతి ఉన్న స్టీమర్‌లో రెండు వేల మందికి పైగా ఎక్కించారు, ఉబ్బిన బాయిలర్ ప్లేటుకి విక్స్‌బర్గ్‌లో హడావిడిగా అతుకు వేయించుకుని బయల్దేరారు. దాని గురించి ఇంకో క్లాసు.

పోయినసారి బ్యాచ్‌లో ఒక కుర్రాడు అడిగాడు: ‘అన్నీ సరేనండి, నిద్రపోతున్నోడికి ఏం నేర్పుతారండి?’ జవాబు వెంటనే తట్టలేదు. ప్రమాదం ఫారం ఒక్కొక్కటీ పంచి హెన్రీ పేరుతో నింపమన్నాను. వయసు, 19. హోదా, మడ్ క్లర్క్. డ్యూటీలో ఉన్నాడా, లేడు. ఎక్కడున్నాడు, నిద్రలో, బాయిలర్ల పైన. ఆ అడిగినవాడు అక్కడ పెన్ను ఆపి, మా మిల్లులో ట్రైనీలం పడుకునేది కూడా బాయిలర్ షెడ్డు పక్క గదిలోనే అన్నాడు. వెచ్చగా ఉంటుందని. తర్వాతి కాలమ్ నెలసరి జీతం, నష్టపరిహారం లెక్క కట్టేది దాని మీదే. అందరూ సున్నా వేశారు. వాడు మాత్రం తనకెంత ఇస్తున్నారో పక్కవాడికి చెబుతున్నాడు.